సర్టిఫికెట్ ఉన్న మీటరుంటే యూనిట్ల లెక్కన బిల్లు వేయొచ్చా?

"ఛార్జర్ లోపల సర్టిఫైడ్ మీటరు ఉందని తయారీదారు చెప్తున్నాడు. ఇక యూనిట్ల లెక్కన డబ్బు తీసుకోవడానికి కొలతల చట్టం పరంగా ఇబ్బంది ఉండదు కదా?" అని అడిగారు. ఉంటుందండీ. ఎలక్ట్రిక్ బండ్ల ఛార్జింగ్ స్టేషన్ల నిర్వహణే నా పని. కొత్తగా మొదలుపెట్టే వాళ్ళు ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

చట్టానికి మీటరు ఒక్కటే ముఖ్యం కాదు. బండిలోకి నిజంగా ఎంత కరెంటు వెళ్ళింది, ఆ అంకె మారకుండా బిల్లు దాకా చేరిందా, అనుమానం వస్తే కస్టమర్ తనంతట తాను సరిచూసుకోగలడా అన్నవన్నీ చూస్తారు. మంచి మీటరు పెట్టుకుని కూడా ఈ దారిలో ఎక్కడో ఒకచోట తప్పిపోవచ్చు.

ముందు కొలిచే చోటు గురించి. లైన్లో వచ్చే ఏసీ కరెంటునే బండికి అందించే ఏసీ ఛార్జర్ అయితే పెద్ద చిక్కు లేదు. డీసీ ఫాస్ట్ ఛార్జర్ ఆ ఏసీని డీసీగా మార్చి ఇస్తుంది. అందులో మీటరు ఏసీ కరెంటు లోపలికి వచ్చే వైపు ఉందనుకోండి, ఇలా మార్చే కన్వర్టర్‌లో వేడిగా పోయేది, ఫ్యాన్లు తినేది, స్క్రీన్ వాడుకునేది అన్నీ కస్టమర్ లెక్కలో పడతాయి. ఆయన కొన్నది బండిలోకి వెళ్ళిన కరెంటు మాత్రమే. అందుకే డీసీ వైపు, గన్ (కేబుల్ చివర బండికి తగిలించే ప్లగ్) దగ్గర ఎంత అందిందో తేలాలి.

కేబుల్‌లో పోయేదాన్ని కూడా వదిలేయడానికి లేదు. రానూపోనూ కలిపి 2 మిల్లీఓమ్‌ల నిరోధం ఉన్న కేబుల్‌లో 300 ఆంపియర్లు వెళ్తే 180 వాట్లు వేడిగా పోతాయి. 400 వోల్టుల దగ్గర అందేది 120 కిలోవాట్లు కాబట్టి అది 0.15 శాతం. తక్కువే అనిపిస్తుంది. కానీ ఈ తేడా ఎప్పుడూ ఒకే వైపు పడుతుంది, అదీ కస్టమర్ జేబు మీద. దీన్ని సరిచేయడానికి గన్ దాకా విడిగా సెన్స్ వైర్లు లాగి అక్కడి వోల్టేజీ చూస్తారు. లేదా కేబుల్ నిరోధాన్ని మీటరులో ముందే నమోదు చేసి, ఆ నష్టాన్ని రీడింగ్‌లోంచి తీసేస్తారు.

రెండో పద్ధతి వాడే ఛార్జర్ అయితే కేబుల్ కూడా కొలిచే పరికరంలో భాగమేనని గుర్తుపెట్టుకోండి. మేం చూసే ఒక స్టేషన్లో గన్ మీదుగా బండి ఎక్కింది. సర్వీసు వాళ్ళు వచ్చి, అందుబాటులో ఉన్న ఇంకాస్త పొడవైన కేబుల్ బిగించి వెళ్ళారు. ఛార్జింగ్ బాగానే అవుతోంది, మీటరులో మాత్రం పాత కేబుల్ విలువే ఉంది. మళ్ళీ పరీక్ష చేసి సీలు వేసేదాకా నేను దాన్ని ఆన్ చేయనివ్వలేదు. "పని చేస్తోంది కదా, ఇంకేం కావాలి?" అని వాళ్ళు గట్టిగానే వాదించారు. పని చేయడం వేరు, దాని మీద డబ్బు తీసుకునే అర్హత ఉండడం వేరు. కేబుల్ మార్పు, సీలు తెంపడం, ఫర్మ్‌వేర్ (ఛార్జర్‌ను లోపల నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ మీకు ముందుగా చెప్పకుండా చేయకూడదని సర్వీసు ఒప్పందంలో రాయించుకోండి. ఫర్మ్‌వేర్‌లో కొలతకు సంబంధించిన భాగం విడిగా ఉందో లేదో కూడా అడగండి. విడిగా లేకపోతే స్క్రీన్ రంగు మార్చినా మళ్ళీ అనుమతి ప్రశ్న వస్తుంది.

పరీక్షకు వచ్చే అధికారి గన్‌కీ లోడ్‌కీ మధ్య తన రిఫరెన్స్ మీటరు పెట్టి రెండు అంకెలూ పోల్చి చూస్తాడు. ఎక్కువ కరెంటు దగ్గర బాగున్న ఛార్జర్ తక్కువ కరెంటు దగ్గర తేడా చూపించొచ్చు, మీరు ముందుగా రెండూ చూసుకోండి. ఎండలో స్క్రీన్ మీద యూనిట్లు, ధర కనిపిస్తున్నాయా అన్నది కూడా చూసుకోవాల్సిందే.

ఇప్పుడు అంకె బిల్లు దాకా వెళ్ళే దారి. నా అనుభవంలో ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. జర్మనీ పద్ధతిలో ఛార్జింగ్ మొదటి, చివరి రీడింగులకు మీటరు డిజిటల్ సంతకం చేస్తుంది, అంటే అంకె మారితే పట్టిచ్చే ఒక కోడ్ జత చేస్తుంది. ఛార్జర్ మీద ఉన్న పబ్లిక్ కీతో (ఆ సంతకాన్ని ఎవరైనా సరిచూడగలిగే కోడ్) కస్టమర్ దాన్ని తర్వాత కూడా సరిచూసుకోవచ్చు. ఓసీఎంఎఫ్ (ఓపెన్ ఛార్జ్ మీటరింగ్ ఫార్మాట్) అనే రికార్డు ఫార్మాట్ ఇందుకోసం వచ్చిందే. ఛార్జర్ దీన్ని పక్కాగా పంపినా సర్వర్ పాడుచేసే అవకాశం ఉంది. ఒక సాఫ్ట్‌వేర్ అందులోంచి అంకె తీసుకుని, రెండు దశాంశాలకు కుదించి, అసలు సంతకం ఉన్న టెక్స్ట్‌ను పారేయడం నేను చూశాను. ఒక్క అక్షరం మారినా సంతకం సరిపోదు కాబట్టి వచ్చింది వచ్చినట్టే దాచాలి. బిల్లు కూడా చివరి రీడింగులోంచి మొదటి రీడింగు తీసేసి వేయాలి. మధ్యమధ్యలో వచ్చే విలువలు కూడితే, నెట్‌వర్క్ పోయిన రోజు లెక్క తప్పుతుంది.

నిమిషాల లెక్కన కూడా డబ్బు తీసుకుంటారా? అయితే మీ గడియారం కూడా కొలిచే సాధనమే. దాని సమయం ఎక్కడి నుంచి సరిచేసుకుంటోందో చూపించగలగాలి.

నిబంధనలు దేశాన్ని బట్టి మారతాయి. కొలతల చట్టాల మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఓఐఎంఎల్ 2022లో ఛార్జర్ల కోసం జీ 22 అనే మార్గదర్శకం ఇచ్చింది. అమెరికాలో తూనికలు కొలతల నిబంధనల పుస్తకమైన హ్యాండ్‌బుక్ 44 ప్రకారం ఏసీ ఛార్జర్ కొత్తగా పెట్టినప్పుడు 1 శాతం, వాడుకలో 2 శాతం తేడాను ఒప్పుకుంటారు. కాలిఫోర్నియా ఈ నిబంధనలను కొత్త ఏసీ ఛార్జర్లకు 2021 నుంచి, డీసీ వాటికి 2023 నుంచి వర్తింపజేసింది. మీ దగ్గర ఏది అమల్లో ఉందో తూనికలు కొలతల శాఖను రాతపూర్వకంగా అడిగి, జవాబు ఫైల్లో పెట్టుకోండి. అమ్మేవాడి మాట మీద మాత్రం ఆధారపడకండి.

ఆర్డర్ ఇచ్చే ముందు తయారీదారు నుంచి మొత్తం ఛార్జర్‌కు ఉన్న మోడల్ అనుమతి పత్రం తీసుకోండి, మీటరుది మాత్రమే ఇస్తే ఒప్పుకోకండి. మీ చోట సంతకం ఉన్న రికార్డు తప్పనిసరైతే, నిజంగా జరిగిన ఒక ఛార్జింగ్ తాలూకు రికార్డు కూడా అడగండి. దాన్ని మీరే కూర్చుని సరిచూసి, మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ గుండా పంపించి, రెండో చివర అదే అంకె వస్తేనే అడ్వాన్సు కట్టండి.