రాత్రి పదింటికి స్లాబు ఎందుకు సెగలు కక్కుతుంది?

విజయవాడలో ఆఖరి అంతస్తులో ఉంటున్నామని, మిట్టమధ్యాహ్నం కన్నా రాత్రి పదింటికే పైకప్పు ఎక్కువగా సెగలు కక్కుతోందని, ఎదురుగా ఉన్న రేకుల షెడ్డు మాత్రం పొద్దు వాలగానే చల్లబడుతోందని రాశారు. కాంక్రీటు కన్నా ఇనుమే వేడిని తొందరగా పంపుతుంది కదా అన్న మీ సందేహం సరైనదే. ఇనుప రేకు ఉష్ణవాహకత కాంక్రీటుకు ఇంచుమించు 30 రెట్లు ఉంటుంది. అయితే వాహకత ఒక్కదానితో ఈ లెక్క తేలదు. ఆ కప్పు ఎంత వేడిని తనలో దాచుకోగలదో కూడా చూడాలి.

అయిదంగుళాల స్లాబు చదరపు మీటరుకు సుమారు 300 కిలోల బరువుంటుంది. అర మిల్లీమీటరు మందం గల రేకు 4 కిలోలు తూగితే ఎక్కువ. అందువల్ల రేకు నిమిషాల్లో కాగి, నిమిషాల్లోనే చల్లారుతుంది. స్లాబు మీద పడిన వేడి మాత్రం ఒక్కొక్క పొరనూ కాచుకుంటూ దిగాలి కనుక, అడుగుకు చేరడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. అలా దాచుకున్నదంతా వదిలేసరికి అర్ధరాత్రి దాటుతుంది. మేమూ ఆఖరి అంతస్తులోనే ఉంటాము. మే నెలలో స్టూలెక్కి పైకప్పుకు అరచెయ్యి ఆనిస్తే, ఉదయం పదకొండింటికి పెద్దగా ఏమీ తెలియదు గాని, రాత్రి భోజనాల వేళకు చెయ్యి చుర్రుమంటుంది. కిటికీలు తీసి గదిలో గాలిని చల్లబరిచినా ఆ సెగ వికిరణంగా నేరుగా ఒంటిని తాకుతూనే ఉంటుంది. రాయలసీమ మట్టి మిద్దెలు కూడా ఇలా వేడిని దాచుకునేవే. వేసవి రాత్రుళ్లు అక్కడివారు మిద్దె పైనే పడకలు వేసుకునేది ఊరికే కాదు.

కాబట్టి వేడిని స్లాబులోకి దిగనివ్వకపోవడమే అసలైన ఉపాయం. తక్కువ ఖర్చుతో అయ్యేది, ఎండను వెనక్కి తిప్పికొట్టే తెల్లపూత. మేము ముందుగా డాబాలో సగానికే వేయించాము. మధ్యాహ్నం రెండింటికి తెల్లటి వైపు వట్టికాళ్లతో నిలబడగలిగాము గాని, గీత దాటి రెండో వైపు పాదం మోపలేకపోయాము. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానానికీ మూలం ఇదే. దుమ్ము పేరుకుంటే పూత పనితనం తగ్గుతుంది కనుక ఏటా ఎండలు ముదరకముందే కడిగించాలి.

ఖర్చుకు వెనుకాడనివారు 50 మిల్లీమీటర్ల థర్మోకోల్ పరిచి, పైన వాటర్‌ప్రూఫింగ్, టైల్స్ వేయించుకోవచ్చు. అందులో చిక్కుకున్న గాలి వల్ల ఆ పలుచని పొర వేడిని అడ్డగించడంలో దాదాపు రెండు మీటర్ల కాంక్రీటుకు సమానం. దాన్ని ఫాల్స్ సీలింగుగా కింద బిగించడం కన్నా పైన పరచడమే మేలని నా అభిప్రాయం. కింద ఉంటే స్లాబు రోజూ యథాప్రకారం కాగుతూనే ఉంటుంది.

సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లడాన్ని కూడా తీసిపారేయకండి. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడిని పట్టుకుపోతుంది. కాకపోతే మీ ప్రాంతంలో ఉక్కపోతగా ఉన్న రోజుల్లో ఆవిరి కావడమే మందగిస్తుంది కనుక, అనంతపురం వంటి పొడి ప్రాంతాల్లో ఇచ్చినంత ఫలితం అక్కడ ఇవ్వదు.