పాపా, ఆ డ్రమ్ము షెడ్డులో పెట్టద్దు

పాపా,

మీ అమ్మ ఫోన్ చేసి "నీ కోడలు వేరుశెనగ బుడ్డల పొట్టు కాల్చి రాడార్‌కు కనపడకుండా చేసే అట్టలు చేస్తాదంట అన్నా" అనింది. నవ్వొచ్చింది, గర్వంగానూ ఉండింది, ఆ తర్వాత పొట్టు కాల్చే డ్రమ్ము మీ రేకుల షెడ్డులో పెడ్తావేమోనని నిద్ర పట్టలే.

గాలి చాలకుండా కాలిస్తేనే బొగ్గయితాది, లేకుంటే బూడిదే, ఇది నీకు తెలుసు. కానీ గాలి చాలక కాలేది ఏదైనా కార్బన్ మోనాక్సైడ్ అనే విష గ్యాస్ వదుల్తాది. వాసన లేదు, రంగు లేదు, తలనొప్పిగా ఉందే అనుకునే లోపలే మనిషి కింద పడిపోతాడు. చలికి గదిలో కుంపటి పెట్టుకొని తలుపులేసుకొని పండుకున్నోళ్ళు తెల్లారి లేయని వార్తలు పేపర్లో చూస్తానే ఉంటాం గదా. కాబట్టి షెడ్డులో వద్దంటే వద్దు, ఆరుబయట పెట్టు, గడ్డివాముకు దూరంగా. మూత వేడి మీద తీసినావో నీ సంగతి చెప్తా, లోపల ఎర్రగా ఉండే బొగ్గుకు గాలి తగిల్తే గుప్పుమంటాది, సాయంత్రం కాలిస్తే పొద్దున్నే తియ్. కాలేజీలో గాలికి బదులు నైట్రోజన్ పారే గొట్టం కొలిమి, అదే ట్యూబ్ ఫర్నేస్, ఇస్తామంటే అసలు డ్రమ్మే వద్దు.

పొట్టు కడిగేది, ఎండబెట్టేది, దంచేది, జల్లించేది, ఎపాక్సీ బంకలో కలిపేది, అదంతా నీకు చెప్పే పనిలేదు. టెంపరేచర్ మాత్రం ప్రతిసారీ రాసుకో. 400 డిగ్రీల దగ్గర చేసిన బొగ్గు కరెంటును దాదాపు పారనీదు, 700 దాటినాక బాగా పారనిస్తాది. కరెంటు ఎక్కువ పారితే రాడార్ తరంగాన్ని అంత బాగా మింగుతాది, మంచిదే గదా అనుకుంటావేమో, అట్ల కాదు, మరీ ఎక్కువైతే తరంగం లోపలికే పోదు, పైన తగిలి వెనక్కొచ్చేస్తాది. బొగ్గు ఎంత కలపాల అనేదానికి కూడా ఇదే లెక్క.

ఇంక అసలు సంగతి. నేను ల్యాబ్‌లో ఉండే రోజుల్లో మాతోపాటు ఒకాయన, పేరెందుకులే, వరి ఊక బొగ్గును గంజి బంకతో అంటించి ప్లేట్ చేసినాడు. వానాకాలం అది. రాడార్లు వాడే ఎక్స్ బ్యాండ్ తరంగాల్లో పెట్టి చూస్తే 10 గిగాహెర్ట్జ్ దగ్గర, వెనక్కొచ్చే తరంగం చూపే గ్రాఫ్ బాయిలో పడినట్టు దిగింది, మైనస్ 20 డెసిబెల్స్ దాటి. అంటే పంపిన తరంగం పవర్‌లో నూటికి ఒక వంతు కూడా తిరిగి రాలేదన్నమాట. స్వీట్లు పంచినాడు, రిపోర్టు కూడా పంపేసినాడు. ఎండాకాలం ఎవరో చూడ్డానికొస్తే అదే ప్లేట్ బయటికి తీసి పెట్టినారు, మైనస్ 6 కూడా రాలే. కేబుల్ మార్చినాడు, మళ్ళీ క్యాలిబ్రేట్ చేసినాడు, అటెండర్ మీద అరిచినాడు. ఆ అటెండరే ప్లేట్ చేతిలోకి తీసుకొని "ఇది అప్పుడు ఇంకా బరువుండె సార్" అన్నాడు. పాత నోట్‌బుక్ తీసి తూకం పోల్చుకుంటే నిజమే. బొగ్గు నిండా సన్న రంధ్రాలు, గంజి ఒకటి, రెండూ కలిసి వానాకాలం తేమనంతా తాగినాయి. తరంగాలను మింగింది బొగ్గు కాదు పాపా, నీళ్ళు. ఇంట్లో మైక్రోవేవ్ ఓవెన్‌లో అన్నం వేడయ్యేది కూడా ఎక్కువగా ఆ నీళ్ళ వల్లే గదా. రిపోర్టు వెనక్కి తీసుకుంటూ ఉత్తరం రాసేటప్పుడు ఆయన మొహం చూడలేకపోయినాం, మంచి పనిమంతుడు, ఆ తర్వాత ఏ రిజల్ట్ వచ్చినా నోరు విప్పేవాడు కాదు. నీకా గతి పట్టకూడదు.

అందుకే బొగ్గుపొడిని 105 డిగ్రీల్లో, తూకం ఇంక తగ్గదు అనేదాకా ఆరబెట్టు, తేమ తగలకుండా ఉంచే డెసికేటర్ డబ్బాలో దాచు, ప్లేట్ అయినాక కొలిచే ముందు ఒకసారి, కొలిచినాక ఒకసారి తూకమెయ్. వెనక అల్యూమినియం ప్లేట్ పెట్టి కూడా కొలువు, ఎందుకంటే వెనక్కి రానిదంతా ఆగిపోయినట్టు కాదు, దాటుకొని అవతలికి పోయిండొచ్చు. వేవ్‌గైడ్‌లో, అదే తరంగం పోయే లోహపు గొట్టంలో, పెట్టి కొలిచే ముక్క 22.86 × 10.16 మిల్లీమీటర్లు, బిగుతుగా కూర్చోవాల, పక్కన సందుంటే లెక్కలన్నీ తప్పుతాయి.

చిన్నప్పుడు నా సెల్లుఫోన్ స్టీల్ డబ్బాలో పెట్టి రింగయితాదా లేదా అని ఇల్లంతా తిరిగినదానివి, నువ్వు చెయ్యకపోతే ఇంకెవరు చేస్తారులే. ఆరబెట్టక ముందుది, ఆరబెట్టినాకది, రెండు గ్రాఫులూ నాకు పంపు. గ్యాస్ సంగతి మీ అమ్మకు నేను చెప్పలే, చెప్తే పొట్టు మూటలన్నీ ఇటుకల బట్టీకి అమ్మేస్తాది.

మీ మామ
అనంతపురం