దక్షిణ ధ్రువాన్ని ‘కనుగొన్నారా’, ‘చేరుకున్నారా’?

సందేహం: మా అమ్మాయి పోటీ పరీక్షలకు చదువుతోంది. ఒక పుస్తకంలో ‘దక్షిణ ధృవాన్ని మొదట కనుగొన్నది అమండ్‌సెన్’ అని ఉంది. ఇంకో పుస్తకంలో ‘చేరుకున్నాడు’ అని, మరోచోట ‘జయించాడు’ అని ఉంది. వీటిలో ఏది సరైన ప్రయోగం? ధృవమా, ధ్రువమా?

సమాధానం: ముందు స్పెల్లింగు సంగతి. ‘ధ్రువం’ సరైనది. ధకు రావత్తు, కొమ్ము ఉండాలి. ధృతి, ధృతరాష్ట్రుడు వంటి మాటలకు వట్రుసుడి. పలికేటప్పుడు మనకు రెండూ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి రాతలో తారుమారవుతున్నాయి. ఆఫీసు కాగితాల మీద కూడా ‘ధృవీకరణ’ అని కనిపిస్తుంటుంది. ‘ధ్రువీకరణ’ అనే రాయాలి.

ఇక అసలు ప్రశ్న. కను అంటే చూడు. దానికి ‘కొను’ చేరి కనుగొను అయింది. పాత కావ్యాల్లో ‘కనుగొని’ అంటే ‘చూసి’ అనే అర్థమే. ఇప్పటి వాడుకలో ఆ అర్థం కాస్త ఇరుకైంది. ఎప్పటినుంచో ఉన్నా ఎవరికీ తెలియనిదాన్ని బయటపెట్టడం, ఎక్కడుందో తెలియనిదాన్ని పట్టుకోవడం కనుగొనడం. 1820లో రష్యన్ నావికుడు బెల్లింగ్స్‌హౌజెన్, కొద్ది రోజుల తేడాతో బ్రిటిష్ నావికుడు బ్రాన్స్‌ఫీల్డ్ అంటార్కిటికా అంచును చూశారు. వాళ్లు ఆ ఖండాన్ని కనుగొన్నారు అనడం అన్ని విధాలా సబబు.

దక్షిణ ధ్రువం విషయం అలాంటిది కాదు. అది 90 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర ఉందని నార్వే అన్వేషకుడు అమండ్‌సెన్ పుట్టకముందే అందరికీ తెలుసు. తెలిసిన ఊరికి టికెట్ కొనుక్కుని వెళ్లి దిగినవాణ్ని ఆ ఊరు కనుగొన్నాడని అనం కదా. అందుకే ఇక్కడ ‘చేరుకున్నారు’ సరైన క్రియ. బహువచనం కావాలనే వాడాను. 1911 డిసెంబర్ 14న అక్కడికి చేరినవాళ్లు ఐదుగురు: అమండ్‌సెన్, బ్యోలాన్, హాన్సెన్, హాసెల్, విస్టింగ్. నార్వే జెండాను ఐదుగురూ కలిసి పట్టుకుని పాతారు. ‘అమండ్‌సెన్ బృందం’ అంటే వాళ్లందరికీ న్యాయం జరుగుతుంది.

చేరుకోవడం కూడా అనుకున్నంత తేలిక కాదు. నాలుగు వైపులా ఒకేలా ఉన్న తెల్లటి మైదానంలో ఆ బిందువు ఇదేనని చెప్పే గుర్తేమీ ఉండదు. కొలతలో నాలుగైదు కిలోమీటర్ల తేడా రావచ్చు. అందుకని మర్నాడు ముగ్గురు మనుషులు స్కీల మీద మూడు దిక్కులకు సుమారు 20 కిలోమీటర్ల చొప్పున వెళ్లి గుర్తులు పాతి వచ్చారు. తర్వాత లెక్కలో తేలిన చోటికి గుడారం మార్చి, ఇరవైనాలుగు గంటలపాటు గంటగంటకూ సూర్యుడి ఎత్తు కొలిచారు. ధ్రువం దగ్గర సూర్యుడు ఎక్కకుండా దిగకుండా దాదాపు ఒకే ఎత్తులో చుట్టూ తిరుగుతాడు. అదే వాళ్లకు దొరికిన రుజువు.

ధ్రువం విషయంలో ‘కనుగొన్నాడు’ అనదగిన సందర్భం ఒకటుంది. అది అయస్కాంత ధ్రువం, అంటే అయస్కాంత సూది నిట్టనిలువుగా నిలిచే చోటు. అది ఎక్కడుందో పటం చూసి చెప్పలేం, పైగా అది చోటు మారుతూ ఉంటుంది. 1831 జూన్ 1న బ్రిటిష్ నావికుడు జేమ్స్ క్లార్క్ రాస్ కెనడా ఉత్తరాన బూతియా ద్వీపకల్పంలో ఉత్తర అయస్కాంత ధ్రువాన్ని పట్టుకున్నాడు. కిందికీ పైకీ వంగే అయస్కాంత సూది అక్కడ దాదాపు నిట్టనిలువుగా, 89 డిగ్రీల 59 నిమిషాల దగ్గర నిలిచింది. రాస్ అక్కడికి చేరుకున్నాడు, దాన్ని కనుగొన్నాడు కూడా.

ఈ తేడాను ఇంత పట్టించుకోవడానికి నాకు ఇంకో కారణం ఉంది. అదే పోటీలో ఉన్న బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం 1912 జనవరి 17న ధ్రువానికి చేరింది. అప్పటికే అక్కడ నార్వే వాళ్ల గుడారం ఉంది. ‘కనుగొన్నది అమండ్‌సెన్’ అని రాస్తే స్కాట్, విల్సన్, బవర్స్, ఓట్స్, ఎవాన్స్ ఏమీ చేయనివాళ్ల కింద లెక్క. ‘మొదట చేరుకున్నారు’, ‘తర్వాత చేరుకున్నారు’ అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పినట్టు.

నిజానికి ‘కనుగొన్నారు’ అనే మాటకు అర్హులు స్కాట్ మనుషులే, అయితే వేరే పనికి. తిరుగు ప్రయాణంలో 1912 ఫిబ్రవరిలో, తిండి సరిపోక నీరసించి ఉన్న సమయంలో, బియర్డ్‌మోర్ హిమానీనదం పక్కన ఆగి రాళ్లు ఏరారు. ఆకుల ముద్రలున్న రాళ్లవి. మొత్తం సుమారు 16 కిలోలు. స్లెడ్జిని, అంటే మంచు మీద జారే బండిని, మనుషులే లాగుతున్నా ఆ రాళ్లను మాత్రం పారేయలేదు. ఐదుగురూ దారిలోనే చనిపోయారు. చివరి గుడారానికి, ఆహారం దాచిన డిపోకు మధ్య దూరం సుమారు 20 కిలోమీటర్లే. ఆ నవంబర్‌లో వెతుకుతూ వెళ్లినవాళ్లకు రాళ్లు దొరికాయి. వాటిలో గ్లాసాప్టెరిస్ అనే పురాతన మొక్క శిలాజాలున్నాయి. గోదావరి లోయలో మన సింగరేణి బొగ్గు ఉన్న గోండ్వానా రాతిపొరల్లోనూ ఆ మొక్క ఆకులే కనిపిస్తాయి. ఇండియా, అంటార్కిటికా ఒకప్పుడు ఒకే నేలలో భాగాలని చెప్పడానికి అది గట్టి ఆధారమైంది. ఎవరికీ తెలియని సంగతి బయటపడింది కాబట్టి దాన్ని కనుగొనడం అనే అంటాం.

‘జయించాడు’ మాత్రం నాకు నచ్చదు. జయించడానికి అవతల ఓడేవాడో లొంగేవాడో ఉండాలి. అమండ్‌సెన్ పోటీలో గెలిచాడు అనండి, అది నిజం. మంచు అతనికి లొంగలేదు. అతను 52 కుక్కలతో బయల్దేరి 11 కుక్కలతో వెనక్కి వచ్చాడు. పదిహేడేళ్ల తర్వాత, 1928లో, ఉత్తరాన ఆపదలో పడ్డవాళ్లను వెతకడానికి విమానంలో వెళ్లి మళ్లీ కనిపించలేదు.

మీ అమ్మాయిని ఇలా రాయమనండి: ‘దక్షిణ ధ్రువాన్ని మొదట చేరుకున్నది అమండ్‌సెన్ బృందం, 1911 డిసెంబర్ 14న.’ ‘ధ్రువాన్ని’ అన్నా ‘ధ్రువానికి’ అన్నా తప్పులేదు. చేరు అనే క్రియకు రెండూ కుదురుతాయి.