పాతకాలపు మోడల్ స్నీకర్లు రోజూ వేసుకోవచ్చా? సైజు ఎలా చూసుకోవాలి?

అడిడాస్ వాళ్ల పాత మోడల్ స్నీకర్ సాంబా చూడ్డానికి బాగుంది గానీ సోల్ పల్చగా ఉంది, రోజంతా నడవగలనా అని అడిగారు. మాది ఒడిశాలోని రాయగడ. సాంబా కాదు గానీ అదే పోలికలో ఉన్న జత రెండేళ్లు వాడాను.

సోల్ పల్చగా ఉండటం లోపం కాదండీ. సాంబాని 1950 ప్రాంతంలో జర్మనీలో గడ్డకట్టిన నేల మీద ఫుట్‌బాల్ ఆడేవాళ్ల కోసం తయారు చేశారు. కాలికి నేల పట్టు దొరకాలి, బంతి తెలియాలి, అంతే. కాలేజీకీ బజారుకీ హాయిగా వేసుకోవచ్చు. సిమెంటు నేల మీద ఎనిమిది గంటలు నిలబడే పనైతే మాత్రం వద్దు, సాయంత్రానికి మడమలు లాగేస్తాయి.

అసలు చూసుకోవాల్సింది వెడల్పు. నేను విశాఖలో ఓ షాపులో పొద్దున్నే, కూర్చునే వేసి చూశాను. చిటికెన వేలి దగ్గర నొక్కుతోందంటే "తోలు కదా సార్, రెండ్రోజుల్లో సాగిపోతుంది" అన్నారు. రాత్రి రైలు దిగి స్టేషన్ నుంచి ఇంటికి నడిచేసరికే బొబ్బ లేచింది. మూడు వారాలు కరుస్తూనే ఉన్నాయి. తోలు సాగుతుంది, నిజమే, కానీ కొద్దిగానే. చిన్నప్పట్నుంచీ చెప్పులతో తిరిగిన పాదాలు వేళ్ల దగ్గర విచ్చుకుని ఉంటాయి, ఇలాంటి సన్నటి బూట్లలో ఇరుక్కుపోతాయి. అర సైజు పెంచి కూడా చూశాను. వేళ్ల ముందు ఖాళీ వచ్చింది, పక్కన బిగుతు అలాగే ఉంది, పైగా మడమ జారడం మొదలైంది.

అందుకే సాయంత్రం, పాదాలు కాస్త ఉబ్బాక షాపుకి వెళ్లండి. రోజూ వేసుకునే సాక్సుతోనే వెళ్లండి. లోపలి ఇన్‌సోల్ ఊడి వచ్చేదైతే తీసి నేల మీద పెట్టి దాని మీద నిలబడండి. చిటికెన వేలు అంచు దాటిందా, ఎంత నచ్చినా ఆ జత వదిలేయండి. మా తమ్ముడు న్యూ బ్యాలెన్స్ 574 వాడతాడు. అదీ పాత మోడలే, 1988 నాటిది. మడమ కింద మెత్తగా, మందంగా ఉంటుంది. ఫ్యాక్టరీలో రోజంతా తిరుగుతాడు, ఇబ్బంది లేదంటాడు. కాకపోతే కాస్త బొద్దుగా కనిపిస్తుంది. సాంబాలోని ఆ సన్నదనం నచ్చే మీరు అడుగుతున్నట్టున్నారు, ఒకసారి రెండూ వేసుకుని చూడండి.

మా ఊళ్లో మజ్జిగౌరి గుడి దగ్గర నేను లేసులు విప్పకుండా మడమ తొక్కి విడిచేవాణ్ణి. ఏడాదికల్లా వెనక అంచు మడతపడి మళ్లీ నిలబడలేదు. మీరు లేసులు విప్పే తీయండి. మన ఎర్రమట్టి స్వేడ్ (నూగులా మెత్తగా ఉండే తోలు) మీద పడితే తడిగుడ్డతో రుద్దకండి, మరక లోపలికి దిగిపోతుంది. నీడలో పూర్తిగా ఆరనిచ్చి, పాత టూత్‌బ్రష్‌తో ఒకే వైపుకి దులపండి.