రోజూ చూసే తిరుమల కొండ ఫొటోలో కొత్తగా కనిపించడం సాధ్యమేనా?

సాధ్యమే, ఎందుకంటే కొండ కదలకపోయినా దాని మీద వెలుగు పడే దిశ ఏడాది పొడవునా మారుతూనే ఉంటుంది. తిరుపతికి ఉత్తరాన ఉన్న ఈ కొండ ముఖం దక్షిణం వైపు తిరిగి ఉంటుంది. డిసెంబరులో సూర్యుడు తూర్పుకు దక్షిణంగా ఉదయించి, పగలంతా దక్షిణాకాశంలోనే నడుస్తాడు. జూన్‌లో ఈశాన్యం వైపు పొడుస్తాడు. మన ఊరు కర్కాటక రేఖకు దిగువన ఉంది కాబట్టి ఆ నెలలో మిట్టమధ్యాహ్నం కూడా కాస్త ఉత్తరానికే ఒరిగి ఉంటాడు.

ఒకే మేడ మీద నుంచి రెండు ఫొటోలు తీసి చూడండి. డిసెంబరు ఉదయం ఏడున్నరకు ఏటవాలు ఎండలో ఎర్రటి రాతి చరియల మడతలన్నీ విడివిడిగా తేలుతాయి. జూన్‌లో అదే వేళకు చరియ నీడలో ఉంటుంది, కొండ అంచు గీత ఒక్కటే మిగులుతుంది. నాకైతే ఈ రెండోదే కవితకు దగ్గరగా అనిపిస్తుంది.

కొత్త చిత్రం కావాలంటే కొత్త ఊరు వెళ్లాలన్నది చాలామంది అపోహ. ఉదయపు ఎండ ఏ నెలలోనైనా ఒకటేనన్నది మరొకటి. నిజానికి ఊరు మార్చకుండా నెల మార్చినా చాలు. అక్టోబరు, నవంబరు వానలకు కపిలతీర్థం జలధార ఉరికే రోజుల్లోనైతే ఎండతో కూడా పని లేదు.