దాచిన మోడల్ తెరిస్తే 94 కాస్తా 21 అయింది

ప్రశ్న: మిరప ఆకుల ఫొటోలు చూసి తెగులు గుర్తించే మోడల్‌ను (ఫొటోల నుంచి నేర్చుకునే ప్రోగ్రామ్‌ను) పైథాన్ లైబ్రరీ కెరాస్‌లో చేశాను. మంచి ఆకు, పై ముడత, కింద ముడత, బూడిద తెగులు, ఆకుమచ్చ అని ఐదు తరగతులు. టెస్ట్ ఆక్యురసీ, అంటే ముందు చూడని ఫొటోల్లో సరిగ్గా చెప్పినవి, 94 శాతం. సేవ్ చేసి అదే సెషన్‌లో లోడ్ చేస్తే 94 వస్తోంది. కెర్నెల్‌ను (కోడ్‌ను నడిపే పైథాన్ ప్రోగ్రామ్‌ను) రీస్టార్ట్ చేసి లోడ్ చేస్తే ఒకసారి 21, ఒకసారి 2, ఇంకోసారి 40. తరగతుల పేర్లను ఫైళ్ల పేర్ల నుంచి తీసి, సెట్‌లో (ఒక్కో పేరు ఒక్కసారే ఉండే, వరుస లేని గుంపులో) వేసి లిస్టు చేసుకున్నాను. మళ్లీ ట్రైనింగ్ చేయాలా?
– బీటెక్ విద్యార్థి, గుంటూరు

జవాబు: అక్కర్లేదు. ఆ 2 శాతమే గుట్టు విప్పుతోంది. వెయిట్లు (మోడల్ నేర్చుకున్న అంకెలు) ఎక్కకపోతే మోడల్ గుడ్డిగా చెబుతుంది; ఐదు తరగతుల్లో గుడ్డిగా చెప్పినా 20 దగ్గర్లో రావాలి. 2 వచ్చిందంటే ఆకును బాగానే గుర్తుపడుతోంది, పేరు మాత్రం మరొకటి అంటగడుతోంది.

తప్పంతా సెట్‌ది. పైథాన్ 3.3 నుంచి స్ట్రింగుల (అక్షరాల మాటల) హ్యాష్ విలువ, అంటే సెట్‌లో వాటి చోటును నిర్ణయించే అంకె, ప్రోగ్రామ్ మొదలైన ప్రతిసారీ మారుతుంది, దాంతో సెట్ వరుసా మారుతుంది. మోడల్ చెప్పేది నంబరే, దానికి పేరు మీ లిస్టు వరుసను బట్టి వస్తుంది: నిన్న 0 అంటే బూడిద తెగులు, ఇవాళ పై ముడత. ఐదింటిలో ఒకటి తన చోటే ఉండిపోతే 20 చిల్లర, రెండు ఉంటే 40కి అటూఇటూ. మీ అంకెలు అవే కదా!

సెట్‌ను సార్టెడ్‌లో పెట్టండి, పేర్లు ఎప్పుడూ ఒకే వరుసలో వస్తాయి. ఆ లిస్టును మోడల్ పక్కనే జేసన్ (మామూలు టెక్స్ట్) ఫైల్‌లో రాసి, లోడ్ చేసేటప్పుడు అక్కడి నుంచే చదవండి. ఫోల్డర్ల పేర్లను పైథాన్ లిస్ట్‌డిర్ ఫంక్షన్‌తో తీసేవాళ్లకూ ఇదే మాట, అది ఏ వరుసకూ హామీ ఇవ్వదు. హ్యాష్ సీడ్‌ను (హ్యాష్ లెక్కకు మొదలు అంకెను) 0 చేసినా పని జరుగుతుంది కానీ, కాలేజీ ల్యాబ్‌లో ఆ సెట్టింగ్ మరిచారంటే కథ మొదటికొస్తుంది.

ఇప్పుడున్న మోడల్‌ను బతికించాలంటే వ్యాలిడేషన్ (ట్రైనింగ్‌కు వాడకుండా పక్కన పెట్టిన) ఫొటోలతో కన్‌ఫ్యూజన్ మ్యాట్రిక్స్ గీయండి: అడ్డు వరుసల్లో అసలు తరగతులు, నిలువు వరుసల్లో మోడల్ చెప్పిన నంబర్లు ఉండే పట్టిక. ప్రతి అడ్డు వరుసలో ఒక్క గడిలోనే పెద్ద అంకె ఉంటుంది. అది ఏ నిలువు వరుసలో ఉందో, ట్రైనింగ్ నాటి నంబరు అదే.

ఇక ముందు సేవ్ చేసేటప్పుడు, ప్రీప్రాసెసింగ్ అయిన (మోడల్‌కు ఇచ్చేందుకు సిద్ధం చేసిన) పది ఫొటోల అర్రేనూ (అంకెల పట్టికనూ), వాటికి మోడల్ ఇచ్చిన సంభావ్యతలనూ నంపై (పైథాన్ అంకెల లైబ్రరీ) ఫైళ్లలో దాచండి. లోడ్ చేశాక అదే అర్రేను మళ్లీ మోడల్‌కు ఇచ్చి, అంకెలు దాదాపు ఒకటేనా అని చూసే ఆల్‌క్లోజ్‌తో పోల్చండి. కలిస్తే మోడల్ భేషుగ్గా ఉన్నట్టే. తప్పు లేబుళ్లలోనో, ఫొటో అంకెలను 255తో భాగించడం మరవడంలోనో, ఓపెన్‌సీవీ (ఫొటోలు చదివే లైబ్రరీ) రంగులను నీలం ముందుగా చదవడంలోనో వెతకాలి.

ప్రశ్న: కెరాస్ లాంటిదే అయిన పైటార్చ్‌లో, వ్యాలిడేషన్ 91 శాతం వచ్చిన ఎపాక్ (ట్రైనింగ్‌లో ఒక విడత) స్టేట్ డిక్ట్‌ను (వెయిట్ల పట్టికను) ఒక వేరియబుల్‌లో ఉంచి, ట్రైనింగ్ అంతా అయ్యాక సేవ్ చేశాను. లోడ్ చేస్తే 86. ఇవాల్ మోడ్ (ట్రైనింగ్ కాకుండా పరీక్షకు వాడే మోడ్) పెట్టాను.
– విజయవాడ పాఠకురాలు

జవాబు: చివరి ఎపాక్ లాగ్ చూడండి, అక్కడ 86 ఉంటే అనుమానమే లేదు. స్టేట్ డిక్ట్ కాపీ ఇవ్వదు, మోడల్ వాడుతున్న అవే టెన్సర్లను (అంకెల పట్టికలను) చూపిస్తుంది. ట్రైనింగ్ సాగేకొద్దీ మీ వేరియబుల్‌లోనివీ మారిపోయాయి. డీప్‌కాపీ (పూర్తిగా వేరే నకలు) చేయండి, లేదా మెరుగైన ఎపాక్ వచ్చిన వెంటనే ఫైల్‌కు రాసేయండి. పాత 91 వెయిట్లు మాత్రం దొరకవు, మళ్లీ ట్రైన్ చేయాల్సిందే. జీపీయూ నుంచి సీపీయూకి మారినప్పుడు ఒకటి రెండు ఫొటోల తేడా వస్తే అది దశాంశాల సవరింపు, దాని జోలికి పోకండి.