గేమ్‌లో చూసింది చరిత్రేనా?

ప్రశ్న: డిగ్రీ సెకండ్ ఇయర్ చదువుతున్నానండీ. ‘ఘోస్ట్ ఆఫ్ త్సుషిమా’ గేమ్ మొత్తం ఆడేశాను. 1274లో మంగోలులు జపాన్ వాళ్ల దీవి మీద పడటం, ఒక సమురాయ్ ఎదురు తిరగడం, అదంతా చరిత్రే అనుకుని ఇంట్లో చెప్తే మా బాబాయ్ అది కట్టుకథ, ఆ యుద్ధంలో నిజంగా కొట్లాడినవాడు బొమ్మలేయించి తన కథ చెప్పుకున్నాడు, అది చూడు అన్నారు. ఏది నమ్మాలి?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ బాబాయ్‌ గారు చెప్పింది సగం కరెక్టు తమ్ముడూ. గేమ్ హీరో జిన్ సకాయ్ చరిత్రలో లేడు. త్సుషిమా దీవిలోని కొమోదా తీరంలో మంగోలులకి ఎదురెళ్లినాయన సో సుకెకుని, వెంట 80 మంది రౌతులే ఉన్నారని చెప్తారు, ఆయన అక్కడే పోయాడు. గేమ్‌లో అంతా కటానా కత్తి తిప్పడమే కదా, అప్పటి సమురాయ్ గొప్పంతా గుర్రం మీంచి బాణం వెయ్యడంలో ఉండేది. గేమ్‌లో హీరో అల్లే హైకూ కవిత అయితే ఇంకా కొన్ని వందల ఏళ్లకి గానీ ఆ రూపానికి రాలేదు. మరెందుకు పెట్టారంటే, సమురాయ్ అనగానే మన కళ్ల ముందుకొచ్చే బొమ్మ సినిమాలు గీసింది, అది కనపడకపోతే ఆడేవాడికి వీడు సమురాయ్ అనిపించడు. లోర్, అంటే గేమ్ వెనక అల్లిన కథ, చేసే పని అదే.

ఇక బాబాయ్‌ గారు చెప్పినాయన తకెజాకి సుయెనగా. జపాన్‌లోని క్యూషూ దీవిలో చిన్న సమురాయ్, 1274లో గుప్పెడు మందితో శత్రువు మీదకి దూకాడు, గుర్రానికి బాణాలు తగిలాయి, తనకీ గాయం, ఇంకో దళం వచ్చి ఆదుకోబట్టి బతికాడు. ఇంత చేసినా బహుమతి రాలేదు. దాంతో 1275లో గుర్రాలూ జీనూ అమ్ముకుని ఆ డబ్బుతో అప్పటి ప్రభుత్వం ఉన్న కమకురా దాకా వెళ్లి, పెద్ద అధికారి అదాచి యాసుమోరి ముందు కూర్చుని, నా మాట అబద్ధమైతే తల తీయించండి అని వాదించి, భూమి మీద అధికారం, ఒక గుర్రం తెచ్చుకున్నాడు. ఆ బొమ్మల చుట్టల మీద 1293 తేదీ ఉంది, అంటే యుద్ధమైన పంతొమ్మిదేళ్లకి. అందులో ఎక్కడ చూసినా నేనే ముందున్నా, ఫలానావాడు సాక్షి అనే గొడవే. అబద్ధమని అనట్లేదు నేను, కానీ అది బహుమతి కోసం కాళ్లరిగేలా తిరిగిన మనిషి జ్ఞాపకం, తనకి కావాల్సిన చోటే వెలుగు పడేలా చెప్పుకున్నాడు.

బహుమతి అడిగింది ఆయనొక్కడే కాదు, గుళ్లూ మఠాలూ కూడా మా ప్రార్థనలకే తుఫాను వచ్చి శత్రువు ఓడలు మునిగాయి, మాకూ ఇవ్వండి అన్నాయి. ఆ దైవగాలి కథ బలపడి బలపడి, 1944లో విమానాలతో సహా శత్రువు ఓడల్ని గుద్ది చచ్చిపోవడానికి పంపిన కుర్రాళ్లకి కమికజే అని అదే పేరు పెట్టారు. నీ ఈడు పిల్లలు వాళ్లు. నాకు గేమ్‌లో కటానా తప్పు కంటే ఇదే ఎక్కువ బాధేస్తుంది.

అలాగని నువ్వు గేమ్ ఆడినందుకు సిగ్గుపడక్కర్లేదు. 2020లో తుఫానుకి త్సుషిమాలో వతత్సుమి గుడి తోరణం కూలితే 50 లక్షల యెన్లు కావాలని అడిగారు, ఆ గేమ్ ఆడినవాళ్లు ఎంతోమంది తలా కాస్త వేశారు, 2 కోట్ల 70 లక్షలు దాటింది.

బాబాయ్‌ గారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ చుట్టలో ఒక్క బొమ్మ చూడు. సుయెనగా గుర్రం నెత్తురు కారుతూ ఎగిరిపడుతుంటుంది, పక్కన గాల్లో ఒక గుండు పేలుతుంటుంది. ఆ గుండూ, ఎదురుగా ఉన్న ముగ్గురు మంగోలులూ తర్వాత ఎవరో చేర్చినవని కొందరు పరిశోధకులు అంటారు. కానీ మంగోలుల ఓడలు మునిగిన తకాషిమా దీవి దగ్గర సముద్రం అడుగున అలాంటి మట్టి గుండ్లే దొరికాయి.